నవ్వుతూ అడిగిన పల్లకి: ‘మల్లీశ్వరి’ కథలో విషమ సన్నివేశం

ఇంగ్లీషు సాహిత్యం చదివే మిత్రుల నోట ‘ఐరనీ’ అనే మాట తరచు వింటుంటాము. ఫస్టు క్లాసు వస్తుందనుకున్నవాడు తప్పితే ఐరనీ. పెళ్ళినాడు వాన కురిస్తే ఐరనీ. గొడుగు మరచిన రోజునే మబ్బు పడితే అదీ ఐరనీయే. ఇలా ప్రతి దురదృష్టానికీ ఆ పేరు తగిలించటం మనకు అలవాటైపోయింది. నేను బి.యస్సీ. విద్యార్థిని. సాహిత్య విమర్శలో నాకున్న ప్రవేశం కొద్దిపాటిది. అయితే మా లాబరేటరీల్లో ఒక మాట వాడితే దాని నిర్వచనం ముందు చెప్పాలి. ఆ అలవాటునే పట్టుకొని, మన తెలుగువారందరికీ తెలిసిన ఒక చారిత్రక ప్రేమకథలో ఈ ఐరనీ ఎక్కడుంది, ఎలా పనిచేస్తుంది అని పరిశీలించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఐరనీని సాధారణంగా మూడు విధాలుగా చెబుతారు. నోటితో ఒకటి అంటూ మనసులో దానికి విరుద్ధమైనది ఉంచుకోవటం మొదటిది. మన ఎత్తిపొడుపు మాటలన్నీ ఈ కోవలోకి వస్తాయి. పాత్రకు తెలియని సంగతి ప్రేక్షకుడికి తెలిసి ఉండటం రెండవది. దీనికి నాటకంలో చోటెక్కువ. మూడవది సన్నివేశానికి సంబంధించినది. ఏ ఫలితాన్ని కోరి ఒక పని చేస్తామో, ఆ పని వల్లనే దానికి సరిగ్గా వ్యతిరేకమైన ఫలితం రావటం. ‘ఆ పని వల్లనే’ అన్న మాట దగ్గర పాఠకులు ఒక్క క్షణం ఆగాలని మనవి. ఐరనీకీ దురదృష్టానికీ మధ్య ఉన్న గట్టు అదే.

ఈ మూడో రకం పాశ్చాత్యుల దగ్గరనుంచి అరువు తెచ్చుకోవలసినదేమీ కాదు. మన ఆలంకారికులు దీన్ని ఎప్పుడో గుర్తించారు. అప్పయ్య దీక్షితులు ‘కువలయానందం’లో చెప్పిన విషమాలంకారపు భేదాల్లో ఒకటి అచ్చంగా ఇదే. ఇష్టమైనదాన్ని సాధించబోయి అనిష్టాన్ని తెచ్చుకోవటం. దానికాయన చూపిన ఉదాహరణ చిన్నదే కాని మరపురానిది. తినటానికేదో ఉంటుందన్న ఆశతో ఎలుక ఒక పెట్టెను ఆశ్రయించిందట. ఆ పెట్టెలో ఉన్నది పాము. తినబోయినది తినబడింది. ఇక మన పల్లెటూళ్ళలో శాస్త్రం చదవనివారు సైతం ‘కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది’ అంటారు. అలంకారం పేరు తెలియకపోవచ్చును గాని, లక్షణం వారికి బాగా తెలుసు.

మాది వ్యవసాయ కుటుంబం. కనుక నాకు తోచిన ఉదాహరణ కూడా చేనులోదే. కోత కోసి పనలమీద ఉన్న వరి తుఫానుకు తడిసి మొలకెత్తింది అనుకోండి. అది దురదృష్టం. రైతు చేసిన పనికీ తుఫానుకీ సంబంధం లేదు. అదే, నాలుగు బస్తాలు ఎక్కువ పండాలని మోతాదుకు మించి యూరియా చల్లితే ఏమవుతుంది? పైరు నల్లగా, ఏపుగా పెరుగుతుంది. చూసినవాళ్ళంతా మెచ్చుకుంటారు. కాండం మెత్తబడి ఉంటుంది కనుక కంకి బరువెక్కేసరికి చేను చేనంతా నేలకు ఒరిగిపోతుంది. పైపెచ్చు దోమపోటు కూడా తోడవుతుంది. ఎక్కువ పండించాలని చల్లిన ఎరువే పంటను తగ్గించింది. ఇది విషమం. ఈ రెండింటి తేడాను మనసులో ఉంచుకొని కథలోకి వెళదాం.

కథా పరిచయం

వాహినీ వారి ‘మల్లీశ్వరి’ 1951 డిసెంబరు 20న విడుదలయింది. దర్శకుడు బి.ఎన్. రెడ్డి. మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి. ఆయన సినిమాకు రాయటం అదే మొదలు. సంగీతం సాలూరు రాజేశ్వరరావు. మల్లీశ్వరిగా భానుమతి, నాగరాజుగా ఎన్.టి. రామారావు నటించారు. బుచ్చిబాబు నాటిక ‘రాయలవారి కరుణకృత్యము’ ఈ కథకు ఒక ఆధారమని అంటారు. ఆ నాటిక పేరును గుర్తు పెట్టుకోండి. ‘కరుణకృత్యము’, అంటే దయతో చేసిన పని. సినిమాలోని చిక్కంతా అలాంటి పనిలోనే ఉంది.

వీరాపురం అనే ఊళ్ళో మల్లి, నాగరాజు బావామరదళ్ళు. చిన్ననాటినుంచి ఒకరంటే ఒకరికి ప్రాణం. నాగరాజు శిల్పి. మల్లి ఆట పాట తెలిసిన పిల్ల. మల్లి తండ్రికి ఈ సంబంధం ఇష్టమే. తల్లి నాగమ్మకు మాత్రం మేనల్లుడి బీదతనం కంటికి ఆనదు. డబ్బు లేనివాడికి పిల్లనివ్వనంటుంది. ఒకనాడు బావామరదళ్ళు పొరుగూరినుంచి వస్తూ దారిలో వానకు చిక్కి ఒక పాడుబడ్డ సత్రంలో తలదాచుకుంటారు. అక్కడ మల్లి బావకోసం పాడుతూ ఆడుతుంది. మారువేషాల్లో ఉన్న శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన కూడా అదే సత్రానికి చేరి ఆ ఆట చూసి మెచ్చుకుంటారు. వారెవరో ఎరుగని నాగరాజు, మరదలి గొప్ప నలుగురికీ చాటాలన్న ఉత్సాహంలో, రాయలవారితో చెప్పి మా మల్లికి రాణివాసపు పల్లకి పంపించండి అన్న ధోరణిలో హాస్యమాడతాడు. మల్లికి అది నచ్చదు. అయినా నోరు జారిన మాట వెనక్కి రాదు గదా.

తరువాతి కథ మీరెరుగుదురు. పెళ్ళికి డబ్బు సంపాదించాలని నాగరాజు ఊరు విడిచి వెళతాడు. అతడు లేనప్పుడు పల్లకి రానే వస్తుంది. రాణివాసంలో చేరిన స్త్రీకి పరపురుషుడి పొడ గిట్టదు. అది అతిక్రమించినవాడికి మరణదండన. అంతవరకు మేనరికంగా ఉన్న ప్రేమ ఒక్క పూటలో నిషిద్ధ ప్రేమ అయిపోయింది. ప్రేమకథల్లో కులమో, మతమో, పగో అడ్డురావటం చూస్తుంటాము. ఇక్కడ అడ్డుగోడ కట్టింది ఒక బహుమతి.

విషమాల వరుస

ఈ కథలో విషమం ఒక్కచోట లేదు. ఒక గొలుసులాగా ఉంది. ఒక్కొక్క లంకె విడదీసి చూద్దాం.

మొదటిది నాగరాజు హాస్యం. అతడు పల్లకి అడగటంలోని అర్థం మల్లిని పంపించాలని కాదు. నా మరదలు రాణివాసానికి తగినంత గొప్పది అని మాత్రమే. ప్రేమతో పొగిడిన ఆ పొగడ్తే ప్రేమకు ఉరితాడైంది. సంధ్యవేళ ఏమన్నా తథాస్తు దేవతలు ఉంటారని మన పెద్దవాళ్ళు హెచ్చరిస్తారు. ఆ దేవతలకు హాస్యం తెలియదు. నాగరాజు ఎదుట కూర్చున్నవాడు మనిషే అయినా, తథాస్తు అనగల అధికారం ఉన్న మనిషి. ‘నోరా వీపుకు దెబ్బలు తేకే’ అన్న సామెతకు ఇంతకన్న నిదర్శనం అక్కర్లేదు.

రెండవది రాజు మారువేషం. దీన్ని ప్రేక్షకులు అంతగా పట్టించుకోరు కాని నా దృష్టిలో ఇది అన్నిటికన్నా లోతైనది. రాజులు మారువేషం ఎందుకు వేస్తారు? కిరీటం పెట్టుకుంటే ప్రజలు మనసులో మాట చెప్పరు గనుక. అంటే నిజం వినటం కోసం. మారువేషంలో ఉండబట్టే నాగరాజు చనువుగా మాట్లాడాడు, చనువు వల్లనే హాస్యమాడాడు. రాయలకు దక్కింది నిజం కాదు, ఆ హాస్యం. దాన్నాయన కోరికగా లెక్కవేసుకున్నాడు. నిజం వినటానికి వేసిన వేషమే అపార్థానికి కారణమైంది. ఈ సత్రపు సన్నివేశంలో రెండవ రకం ఐరనీ, మూడవ రకం ఐరనీ కలిసిపోయి ఉన్నాయి. ఎదుటివాడు రాజని మనకు తెలుసు, నాగరాజుకు తెలియదు. అందుకే అతడు నవ్వుతూ మాట్లాడుతుంటే మనకు గుండె దడదడలాడుతుంది.

మూడవది డబ్బు. నాగమ్మ కోరింది డబ్బు. నాగరాజు వెళ్ళింది డబ్బు కోసం. అతడు వెళ్ళకుండా ఉంటే పల్లకి వచ్చిననాడు ఇంట ఉండేవాడు, కనీసం అడ్డుపడి మొరపెట్టుకునేవాడు. మల్లిని దక్కించుకోవటానికి చేసిన ప్రయాణమే మల్లి చేజారేందుకు వీలు కల్పించింది. తిరిగి వచ్చేనాటికి అత్త పెట్టిన షరతు తీరింది, ఆ షరతు ఎవరికోసమో ఆ పిల్ల లేదు. నాగమ్మ సంగతి చూడండి. ఆమె కోరినదానికన్నా ఎక్కువే దొరికింది. ఇల్లు నిండింది, ఒళ్ళో పిల్ల పోయింది.

నాల్గవది శిల్పం. మల్లి లేని ఊళ్ళో నాగరాజు పిచ్చివాడిలా రాళ్ళమీద మల్లి రూపమే చెక్కుతుంటాడు. ఏ ఆశా లేకుండా చేసిన పని అది. ఆ పనితనం చూసినవారు అతడిని విజయనగరానికి తీసుకుపోయి అక్కడి నిర్మాణంలో పెడతారు. డబ్బు సంపాదించాలని చేసిన ప్రయత్నం మల్లినుంచి దూరం చేస్తే, ఏమీ కోరకుండా చెక్కిన రాయి మల్లి దగ్గరకు చేర్చింది. కాని ఆ దగ్గరతనం దూరంకన్నా ప్రమాదం. వీరాపురంలో ఉన్నంతకాలం అతడికి దుఃఖమే ఉంది. విజయనగరంలో దుఃఖంతోపాటు మరణదండన కూడా పొంచి ఉంది.

అయిదవది ఉషాపరిణయం. చిత్రంలో ఈ యక్షగానాన్ని ఒక వినోదంగా చూసి వదిలేస్తాము. ఆ కథ ఏమిటి? బాణాసురుడి కూతురు ఉష కలలో చూసినవాణ్ణి ప్రేమిస్తుంది. చెలికత్తె చిత్రరేఖ ఆ అనిరుద్ధుణ్ణి రహస్యంగా అంతఃపురానికి చేరుస్తుంది. రాజుకు తెలిసి బంధిస్తాడు. చివరికి పెళ్ళి అవుతుంది. ఇది మల్లి, నాగరాజుల కథే గదా. మల్లికి తోడు నిలిచే జలజ ఇక్కడి చిత్రరేఖ. అంతఃపురంలో ప్రియుడు ప్రవేశించే కథను అదే సమాజం కళగా ఆదరిస్తుంది. అరంగంమీద అయితే చప్పట్లు, తెరవెనుక అయితే తలారి. ఒకే పనికి రెండు తీర్పులు. నిషిద్ధ ప్రేమకు లోకం చేసే మర్యాద ఎప్పుడూ ఇంతే. కావ్యంలో ఉంటే కంటతడి పెడతాము, మన వీధిలో ఉంటే తలుపులు వేసుకుంటాము.

ఒక్కొక్కటే తీసి చూస్తే

మా ప్రాక్టికల్సులో ఒక పద్ధతి ఉంది. ఒక ఫలితానికి ఏది అసలు కారణమో తెలియాలంటే, మిగిలినవన్నీ అలాగే ఉంచి ఒక్కదాన్ని మార్చి చూడాలి. ఈ కథమీద ఆ పరీక్ష చేస్తే ఎలా ఉంటుందో ఆలోచించాను.

వాన కురవకపోతే? వారు సత్రానికి చేరరు, కథే లేదు. అయితే వాన ఎవరూ కోరి తెచ్చుకున్నది కాదు. అది తుఫాను లాంటిది, కారణమే గాని విషమం కాదు. నాగరాజు హాస్యమాడకపోతే? రాజు మెచ్చుకొని ఏ హారమో ఇచ్చి వెళ్ళేవాడు. నాగమ్మ డబ్బు అడగకపోతే? ఈపాటికి పెళ్ళి అయిపోయేది. రాణివాసపు నియమం అంత కఠినం కాకపోతే? మల్లి వెళ్ళినా మళ్ళీ రావచ్చు. వీటిలో ఏది మార్చినా కథ మారుతుంది. కాని ఇవన్నీ అలాగే ఉంచి, మరొక్కటి మార్చి చూడండి. పల్లకి ఎక్కించే ముందు ఎవరైనా ఆ పిల్లను ఒక్క మాట అడిగి ఉంటే? ‘అమ్మా, నీకిది ఇష్టమేనా?’ అని. అంతే. వాన అలాగే కురవనివ్వండి, హాస్యం అలాగే ఉండనివ్వండి, నాగమ్మ ఆశ అలాగే ఉండనివ్వండి. ఆ ఒక్క ప్రశ్నతో విషమం అక్కడికక్కడే విరిగిపోయేది.

బావ ఆమె తరఫున హాస్యమాడాడు. రాజు ఆమె తరఫున కోరిక తీర్చాడు. తల్లి ఆమె తరఫున సంతోషించింది. ముగ్గురికీ ఆమె మంచే కావాలి, ఆమె మాట ఎవరికీ అక్కర్లేకపోయింది. దీన్ని విధి అని సరిపెట్టుకోవటం సులభం. విధి అంటే ఎవరి తప్పూ లేదని అర్థం. నేను మాత్రం అలా అనలేను. ఈ కథలోని విషమాలన్నిటికీ వేరు ఒక్కటే. మాట్లాడేవాడికీ వినేవాడికీ మధ్య ఉన్న అంతస్తుల దూరం. సమానులు హాస్యమాడుకుంటే నవ్వి ఊరుకుంటారు. పేదవాడి హాస్యం ప్రభువు చెవిన పడితే శాసనం అవుతుంది.

సలీం, అనార్కలిల ప్రేమకథతో పోల్చి చూస్తే ఈ ప్రత్యేకత ఇంకా స్పష్టమవుతుంది. 1955లో తెలుగులో ‘అనార్కలి’, 1960లో హిందీలో ‘మొగలే ఆజం’ వచ్చాయి. సంతానం కోసం అక్బరు షేక్ సలీం చిష్తీని ఆశ్రయించటం, 1569లో పుట్టిన కొడుకుకు ఆయన పేరే పెట్టుకోవటం, ఆ కొడుకే తరువాత తండ్రిమీద తిరగబడటం చరిత్ర. మొక్కి కన్న కొడుకు శత్రువైనాడు, అందులోనూ విషమం ఉంది. అనార్కలి కథ మటుకు జనశ్రుతి. అయితే ఆ సినిమాల్లో అక్బరు తెలిసి అడ్డుపడతాడు. ప్రేమకు ఎదురుగా ఒక ప్రతినాయకుడు నిలబడి ఉంటాడు. మల్లీశ్వరిలో ప్రతినాయకుడు లేడు. అందరూ మంచివాళ్ళే. ప్రేక్షకుడు కోపం తెచ్చుకోవటానికి మనిషి దొరకడు. అందుకే ఆ బాధ మనసులో నిలిచిపోతుంది.

చరిత్రలోని రాయలు

మల్లి, నాగరాజు కల్పిత పాత్రలు. రాయలు మాత్రం 1509 నుంచి 1529 వరకు రాజ్యమేలిన చక్రవర్తి. ఆయన కాలంలో, 1520 ప్రాంతాల, విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తన రాతల్లో అంతఃపుర స్త్రీల కట్టుబాట్ల గురించి చెప్పాడు. వారు పరపురుషుల కంటబడటానికి వీలులేదట. కాబట్టి సినిమాలోని నియమం పూర్తిగా గాలిలోంచి పుట్టినది కాదు.

అదే పేస్ మరో ముచ్చట చెప్పాడు. రాయలకు ముఖ్యులైన రాణులు ముగ్గురట. అందులో ఒకామె, ఆయన ఇంకా రాజు కాకముందు, యౌవనంలో ప్రేమించిన గణిక. రాజ్యం వస్తే నన్ను పెళ్ళాడాలి అని ఆమె మాట తీసుకుందట. రాజైన తరువాత ఆయన ఆ మాట నిలబెట్టుకున్నాడు. ఆమెమీది ప్రేమతో ఒక కొత్త పట్టణమే కట్టించాడని కూడా రాశాడు. లోకం ఒప్పని ప్రేమను గెలిపించుకున్న మనిషి ఆయన. అలాంటి మనిషి చేతిమీదుగా ఇద్దరు ప్రేమికులు విడిపోయినట్టు కథ అల్లటం ఎంత విషమమో చూడండి.

ఇంకొకటి. రాయలు స్వయంగా రాసిన ‘ఆముక్తమాల్యద’ కూడా ప్రేమకథే. స్వామికి అర్పించవలసిన పూలమాలను గోదాదేవి ముందు తాను ధరించి చూసుకునేది. అది అపచారం. కాని స్వామికి కావలసింది ఆమె ముడిచి విడిచిన మాలే. ఏది తప్పుగా ఎంచబడిందో అదే ఆమెను స్వామి చెంతకు చేర్చింది. కోరినది చేజారే విషమానికి ఇది తిరగేసిన రూపం. నిషిద్ధమైన ప్రేమలోని మెలికను ఇంత అందంగా ఎరిగిన కవిరాజును మల్లీశ్వరి కథలో రాజుగా నిలబెట్టటం వల్ల దానికి ఒక బరువు వచ్చింది.

ముగింపు సంగతి

చివర రాయలు క్షమిస్తాడు, ప్రేమికులు ఒకటవుతారు. అనుకోనిది లభించింది కనుక అలంకారశాస్త్రం ప్రకారం దీన్ని ప్రహర్షణం అనవచ్చును. విడదీసిన చెయ్యే కలిపింది. మరి విషమం మాసిపోయినట్టేనా? కొందరు మిత్రులు, శుభాంతం చేసి కథను పలుచన చేశారని వాదిస్తారు. నేను ఒప్పుకోను. పల్లకి, క్షమాభిక్ష రెండూ రాజు ఇచ్చినవే. రెండింటి వెనుకా దయ ఉంది. తేడా ఎక్కడుందంటే, మొదటిసారి ఆయన వినకుండా ఇచ్చాడు, రెండవసారి విని ఇచ్చాడు. ఆ ఇద్దరి మొర చెవిని పడిన తరువాతనే దయ దయగా పనిచేసింది. శుభాంతం అదృష్టం వల్ల రాలేదు, వినటం వల్ల వచ్చింది.

ఇదంతా అయిదు వందల ఏళ్ళ కిందటి రాణివాసం గొడవ, మనకెందుకు అనుకోవద్దు. పల్లకీలు ఇప్పటికీ వస్తున్నాయి. మా పల్లెల్లో వాటిని ‘మంచి సంబంధం’ అంటారు. ఇంటర్మీడియట్‌లో లెక్కల్లో నాకన్నా ఎప్పుడూ ఎక్కువ మార్కులు తెచ్చుకున్న ఒక సహాధ్యాయిని ఉండేది. డిగ్రీలో చేరే వేళకు అలాంటి సంబంధం ఒకటి వచ్చింది. అబ్బాయి మంచివాడు, పొలం ఉంది, కట్నం అడగలేదు. ఇంటిల్లిపాదీ సంతోషించారు. వాళ్ళ నాన్న, కూతురు సుఖపడాలనే రెండెకరాల కౌలు చేసి చదివించిన మనిషి. బాగా చదివిన పిల్ల గనుకనే అంత మంచి సంబంధం వచ్చింది. ఆ సంబంధం వల్లనే చదువు ఆగిపోయింది. ఇందులో దుర్మార్గుడెవరో వేలు పెట్టి చూపించండి, చూద్దాం. ఎవరూ లేరు. ఆ అమ్మాయిని అడిగినవారు కూడా లేరు.

మన క్లాసు గదుల్లో ఐరనీకి నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకుంటాము, మంచిదే. సాహిత్యం అంతకన్నా ఒక అడుగు ముందుకు వెయ్యమంటుంది. రేపు మనలో చాలామందిమి ఉద్యోగస్థులం, తల్లిదండ్రులం, నలుగురికి మేలు చేయగలిగినవాళ్ళం అవుతాము. అప్పుడు మన చేతిలోనూ ఒక పల్లకి ఉంటుంది. పంపేముందు, ఎక్కవలసిన మనిషిని ఒక్క మాట అడుగుదాం.